నా భాషను నేను విన్న నాలుగేళ్ళు

2014 వేసవిలో ఎంసెట్ ర్యాంకు చూసుకొని ఎంబీబీఎస్ మీద ఆశ వదులుకున్న తరువాత, మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ పేరైనా వినని ఒక చదువులో నేను చేరాను. దాని పేరు బీఏఎస్‌ఎల్‌పీ. బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీ అని విడమరచి చెప్పినా బొబ్బిలి దగ్గరి మా పల్లెలో పెద్దవాళ్ళు "అయితే చెవుల డాక్టరువా తల్లీ?" అనే అడిగేవారు. వినికిడి, మాట, భాష, మింగడం అనే నాలుగు పనుల్లో మనిషికి పుట్టుకతోనో, జబ్బు వల్లనో, ప్రమాదం వల్లనో వచ్చే లోపాలను గుర్తించి, కొలిచి, చికిత్స చేయడం ఈ చదువులోని విషయం. మూడేళ్ళ పాటు తరగతులూ క్లినిక్కూ కలిసి నడుస్తాయి, నాలుగో ఏడాది మొత్తం ఇంటర్న్‌షిప్. చదువు ముగిశాక భారత పునరావాస మండలి, అంటే మేమందరం ఆర్‌సీఐ అని పిలుచుకునే సంస్థ, తన జాతీయ పట్టికలో మన పేరు చేర్చి ఒక నంబరు ఇస్తేనే పని చేసే హక్కు వస్తుంది.

ఈ చదువు గురించి మాకు చెప్పినవారు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో పనిచేసే మా వరుస మామయ్య. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ గురించీ, ముంబయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ గురించీ ఆయన చెప్పారు. అలీ యావర్ జంగ్ హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన వ్యక్తి అనీ, ఆ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉందనీ నాకు అప్పుడే తెలిసింది. నాకు సీటు వచ్చింది ఆ రెండింటిలోనూ కాదు, హైదరాబాదులోని వేరొక కళాశాలలో. అక్కడికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడేవారు కావడం వల్ల నాకు దొరికిన చదువు పుస్తకాల్లో లేనిదని ఇప్పుడు అనిపిస్తుంది.

మొదటి సంవత్సరం ఫొనెటిక్స్ తరగతిలో మా మేడమ్ బోర్డు మీద ఐదు మాటలు రాశారు: గంగ, కంచం, గంట, పంది, కంప. ప్రతి మాటనూ నెమ్మదిగా పలుకుతూ, మొదటి అక్షరం పక్కన ఉన్న సున్న దగ్గర ఆగి, నాలుక ఎక్కడ ఉందో చూసుకోమన్నారు. గంగలో నాలుక వెనుక భాగం లేచి మెత్తని అంగిలికి ఆనింది. కంచంలో నాలుక మధ్య భాగం గట్టి అంగిలికి తగిలింది. గంటలో నాలుక కొన పైకి మడతపడింది, పందిలో పళ్ళ వెనక్కు చేరింది, కంపలో నాలుకకు పనే లేదు, రెండు పెదవులూ మూసుకున్నాయి. రాతలో ఒకే సున్న, నోటిలో ఐదు చోట్లు. పైగా కంచం చివరనున్న సున్న మళ్ళీ వేరు. పదిహేడేళ్ళుగా మాట్లాడుతున్న భాషలో నా నోరు ఇంత పని చేస్తోందని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆ తరువాత మేడమ్ క, చ, ట, త, ప అని వర్గాల మొదటి అక్షరాలను వరుసగా పలికించి, అవి గొంతు వైపు నుంచి పెదవుల వైపుకు ఎలా నడిచి వస్తున్నాయో చూపించారు. చిన్నప్పుడు కేకలు వేసి బట్టీ పట్టిన అక్షరమాల వెనుక, నోటి లోపలి పటాన్ని గీసినంత స్పష్టమైన శాస్త్రం ఉందని గ్రహించినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా తాజాగానే ఉంది.

అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, ఎలక్ట్రానిక్స్, స్టాటిస్టిక్స్ అన్నీ ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. చెవి లోపలి స్టేపిస్ అనే ఎముక బియ్యపు గింజలో సగమంత ఉంటుందనీ, మగవారి గొంతులో స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారి గొంతులో 200 సార్లకు అటూ ఇటూగా కంపిస్తాయనీ చదివినప్పుడు ఆశ్చర్యపడ్డాను గాని, అవి పరీక్షల కోసం చదివిన చదువులే. నిజమైన చదువు రెండో సంవత్సరంలో, మాకు తెల్ల కోటు ఇచ్చి క్లినిక్కులో కూర్చోబెట్టిన రోజు నుంచి మొదలైంది.

వినికిడి పరీక్ష చేయడం బయటి నుంచి చూస్తే చాలా తేలికగా కనబడుతుంది. శబ్దం చొరబడని గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, "ఎంత చిన్నగా వినబడినా సరే, వినగానే వేలు ఎత్తండి" అని చెబుతాం. ముందు మంచి చెవి, తరువాత రెండోది. శబ్దపు స్థాయిని, అంటే అది ఎంత సన్నగా లేదా బొంగురుగా ఉందన్నదాన్ని, హెర్ట్జ్‌లలో కొలుస్తాం. 1000 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి పై స్థాయిలకు వెళ్ళి, మళ్ళీ వెనక్కు వచ్చి కింది స్థాయిలు చూస్తాం. వినబడితే శబ్దపు గట్టిదనాన్ని 10 డెసిబెల్స్ తగ్గిస్తాం, వినబడకపోతే 5 పెంచుతాం. కుడి చెవి ఫలితాన్ని ఎర్ర సున్నాతోనూ ఎడమ చెవి ఫలితాన్ని నీలం ఇంటూ గుర్తుతోనూ ఆడియోగ్రామ్ అనే పటం మీద వేస్తాం. తరువాత చెవి వెనుక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెట్టి, బయటి చెవినీ మధ్య చెవినీ దాటవేసి లోపలి చెవి ఎలా పని చేస్తోందో చూస్తాం. గాలి ద్వారా తక్కువగానూ ఎముక ద్వారా బాగానూ వినబడితే లోపం చెవి బయటి భాగంలోనో మధ్య భాగంలోనో ఉన్నట్టు. రెండూ తక్కువైతే లోపలి చెవిలో గాని, నరంలో గాని ఉన్నట్టు.

రెండో సంవత్సరం చివర, నలభై ఏళ్ళు దాటిన ఒక ఆర్టీసీ కండక్టరుగారికి నేను ఈ పరీక్ష చేశాను. కుడి చెవి చక్కగా ఉంది, అన్ని స్థాయిల్లోనూ 10, 15 డెసిబెల్స్. ఎడమ చెవిలో 60 దగ్గర వేలు ఎత్తారు. ఎడమ చెవి వెనుక ఎముక మీద వైబ్రేటర్ పెడితే 10 దగ్గరే ఎత్తారు. గాలికీ ఎముకకూ మధ్య 50 డెసిబెల్స్ తేడా కనబడుతోంది కాబట్టి మధ్య చెవిలో లోపం ఉందనీ, ఇలాంటివి శస్త్రచికిత్సతో చాలా వరకు బాగుపడతాయనీ పుస్తకంలో చదివింది గుర్తొచ్చి, నాకు ఒక విధమైన ఉత్సాహం కలిగింది. ఈఎన్‌టీ వైద్యుని దగ్గరకు పంపాలని రిపోర్టు రాసి సూపర్‌వైజర్ మేడమ్ ముందు పెట్టాను. ఆమె ఆడియోగ్రామ్‌ను ఒక్క నిమిషం చూసి, పక్కనున్న టింపనోగ్రామ్, అంటే కర్ణభేరి కదలికను కొలిచిన పరీక్ష, కాగితాన్ని నా వైపు తిప్పారు. అందులో రెండు చెవుల్లోనూ కర్ణభేరి కదలిక మామూలుగా ఉంది. "మధ్య చెవి చెడిపోయిందని నువ్వు రాశావు. చెడిపోలేదని ఇది చెబుతోంది. రెండింటిలో ఏది అబద్ధం చెబుతోంది?" అని అడిగారు.

అబద్ధం నా ఆడియోగ్రామే చెబుతోంది. ఎడమ హెడ్‌ఫోన్‌లో శబ్దాన్ని బాగా పెంచినప్పుడు అది పుర్రె గుండా దాటి కుడి చెవికి చేరుతుంది. ఇలాంటి హెడ్‌ఫోన్లతో సుమారు 40 డెసిబెల్స్ తేడా ఉంటే చాలు, అలా దాటే అవకాశం ఉందని అనుకోవాలి. ఎముక మీద పెట్టిన వైబ్రేటర్ శబ్దమైతే ఏ వైపు పెట్టినా రెండు లోపలి చెవులకూ దాదాపు సమానంగానే చేరుతుంది. ఆయన వేలు ఎత్తింది నిజమే, విన్నదీ నిజమే, కాని విన్నది కుడి చెవి. అందుకే మంచి చెవిలో ఒక హోరును నింపి, దాన్ని పనిలో పెట్టి, అప్పుడు రెండో చెవిని పరీక్షించాలి. దానినే మాస్కింగ్ అంటారు. మేడమ్ నా పక్కన కూర్చోగా నేను మళ్ళీ పరీక్ష చేశాను. కుడి చెవిలో హోరు పెడుతూ, మెట్టు మెట్టుగా పెంచుతూ ఎడమ చెవికి శబ్దం ఇస్తే, యంత్రం ఇవ్వగలిగిన హద్దు దాకా వెళ్ళినా ఆయన వేలు లేవలేదు. ఆ చెవి పూర్తిగా పోయింది. మేడమ్ ఆయనను, "చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయాండీ?" అని అడిగారు. ఏడెనిమిదేళ్ళ వయసులో వచ్చాయనీ, ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాననీ, బస్సులో ఎడమ వైపు నుంచి టికెట్టు అడిగితే తెలియక చాలామందితో మాట పడ్డాననీ ఆయన చెప్పారు. ఈ మూడు సంగతులూ నేను అడగవలసినవి, అడగలేదు. నేను రాసిన రిపోర్టుతో ఆయన పని లేని ఆపరేషన్ దాకా వెళ్ళి ఉండేవారేమో అన్న ఆలోచన చాలా రోజులు నన్ను వదలలేదు. అప్పటి నుంచి ఈనాటి దాకా, కేస్ హిస్టరీ, అంటే రోగి పాత సంగతులన్నీ అడిగి రాసుకోవడం, పూర్తి కాకుండా నేను వినికిడి కొలిచే ఆడియోమీటర్ స్విచ్చు వేయను.

కేస్ హిస్టరీ అంటే ప్రశ్నల పట్టిక చదవడం కాదని ఆ తరువాతి నెలల్లో తెలిసింది. మూడేళ్ళు వచ్చినా మాటలు రాని పిల్లలను తీసుకొచ్చే తల్లులు దాదాపు ఒకే వరుసలో మాట్లాడతారు. వస కొమ్ము సానమీద అరగదీసి నాలుకకు రాశామని, నాలుక కింద నరం కోయించామని, వాళ్ళ మేనమామకూ ఐదేళ్ళకే మాటలు వచ్చాయని మా అత్తగారు చెప్పారని. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని పిలిచే భాష మనది, కాబట్టి వస మీద ఆ నమ్మకం ఎంత లోతుగా ఉందో నాకు అర్థమవుతుంది. మా ఇంట్లోనూ నాకు పోశారట. నేను దాన్ని తప్పు పట్టకుండా, "ఆ తరువాత ఎన్నాళ్ళు చూశారమ్మా?" అని మాత్రం అడిగేదాన్ని. ఏడాది, ఏడాదిన్నర అన్న జవాబు వచ్చేది. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలని మేము చదువుకొనేవాళ్ళం. నా ఎదుట కూర్చున్న బిడ్డ వయసు మూడేళ్ళు. మేనరికమా అని అడిగే ప్రశ్న మరీ కష్టం. దగ్గరి రక్తసంబంధంలో ఒకే లోపపు జన్యువు ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ ప్రశ్న అడగక తప్పదు. కాని దాన్ని భార్యాభర్తలు ఇద్దరూ ఉన్నప్పుడు, ఇద్దరి వైపూ చూస్తూ, తప్పు ఎవరిదో వెతుకుతున్నట్టు వినబడకుండా అడగాలి.

ఇక్కడ ఒక మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మన భాషలో గ్రహణమొర్రి అంటారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందనే నింద ఆ పేరులోనే ఉంది. మూడో సంవత్సరంలో, పెదవికీ అంగిటికీ శస్త్రచికిత్సలు అయిన నాలుగేళ్ళ పాపను తీసుకొని ఒక తల్లి వచ్చింది. పాప పేరు అడిగితే తల్లి చెప్పింది గాని, ఎదురుగా ఉన్న అత్తగారు ఆమె మాటను తోసేసి, "చెప్తే వినకుండా ఆ రోజు బయటికెళ్ళింది" అన్నారు. కడుపులో బిడ్డ పెదవి ఆరేడు వారాలకే ఏర్పడుతుందనీ, అంగిలి పన్నెండు వారాల లోపల కలుస్తుందనీ, చాలామందికి తాము గర్భవతులమని తెలిసే నాటికే ఆ పని సగం అయిపోయి ఉంటుందనీ నేను పెద్దావిడకు బొమ్మ గీసి చూపించాను. ఆమె నమ్మారో లేదో చెప్పలేను. తల్లి మాత్రం ఆ కాగితం అడిగి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దాచుకుంది.

ఆ పాప "పాప" అంటే "మామ" అన్నట్టు వినబడేది. ప, బ పలకాలంటే నోటిలో గాలి ఒత్తిడి నిలవాలి, అంగిలి వెనుక భాగం పైకి లేచి ముక్కు దారిని మూయాలి. అది పూర్తిగా మూయకపోతే గాలి ముక్కులోకి జారిపోయి ప కాస్తా మ అవుతుంది. పాప ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పాప" అనమంటే అద్దం మీద ఆవిరి మచ్చ పడేది. పలకడంలో మ ఉన్న మాటలకు మచ్చ పడడం సహజం, ప ఉన్న మాటలకు పడకూడదు. ఆ మచ్చను పాపకే చూపించి, మచ్చ పడకుండా అనగలవేమో చూడమనేదాన్ని. అంగిలి చిన్నదైపోవడం వల్ల జరిగేదాన్ని కసరత్తుతో సరిచేయలేమనీ, అలాంటప్పుడు మళ్ళీ సర్జన్ దగ్గరకే పంపాలనీ, నేర్చుకున్న తప్పు అలవాటునే థెరపీతో మార్చగలమనీ నాకు బోధపడింది ఆ అద్దం దగ్గరే. ఆ పాప విషయంలో రెండూ కొంత కొంత ఉన్నాయి. మేము సర్జన్‌కు ఉత్తరం రాశాం.

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఐదేళ్ళ బాబు సంగతి. బాబుకు క పలకదు. కాకిని "తాతి" అనేవాడు, కోడినీ కోతినీ వరుసగా "తోడి", "తోతి" అనేవాడు. నాలుక వెనుక భాగం చేయవలసిన పనిని కొన చేస్తోంది. ఇది చిన్నపిల్లల్లో సహజంగా ఉండి పోయేదే గాని, ఐదేళ్ళకు పోవాలి. ఆ థెరపీ సాఫీగానే నడిచింది. నేను తప్పు చేసింది భాషను అంచనా వేయడంలో. బాబుతో బొమ్మలు చూపించి మాట్లాడించి, ముప్పై వాక్యాలు రికార్డు చేసి, రాసుకొని, వ్యాకరణ దోషాల కింద ఎర్ర గీతలు గీశాను. "నేను తిన్న", "నేను బడికి పోయిన", "బస్సుల వచ్చిన". తిన్నాను, పోయాను అన్నచోట "ను" లేదు, బస్సులో అన్నచోట "లో" లేదు. పురుష ప్రత్యయాలు, విభక్తి ప్రత్యయాలు రాలేదని, భాష కూడా వెనుకబడి ఉందని, ఆ లోపానికి ఆరు నెలల లక్ష్యాలతో సహా లెసన్ ప్లాన్ రాశాను.

సూపర్‌వైజర్ మేడమ్ ఆ కాగితాన్ని చదివి ఏమీ అనకుండా బాబు తల్లిని లోపలికి పిలిచి, "పొద్దున ఎట్ల వచ్చిన్రమ్మా?" అని అడిగారు. "బస్సుల వచ్చిన మేడం. ఈన్ని ఎత్తుకొని నిలబడే వచ్చిన" అందామె. నా ముఖం వేడెక్కింది. బాబు తన తల్లి భాషను తప్పులేకుండా మాట్లాడుతున్నాడు. నేను గీసిన ఎర్ర గీతలన్నీ ఒక మొత్తం ప్రాంతం మీద గీసిన గీతలు. తల్లి వెళ్ళాక మేడమ్ నన్ను అడిగారు: "మీ ఇంట్లో ఏమిటి అనడానికి ఏమంటారు?" "ఏటి అంటాం మేడమ్." "మరి నీకు థెరపీ ఎవరు చేయాలి?" కళాశాలలో చేరిన మొదటి నెలలో నా "ఏటి"ని నలుగురిలో దాచుకోవడానికి నేను ఎంత అవస్థ పడ్డానో నాకు తెలుసు. అదే అవస్థను చికిత్స పేరుతో ఐదేళ్ళ బిడ్డకు తెచ్చిపెట్టబోయాను. మాండలిక భేదం లోపం కాదన్న వాక్యాన్ని అంతకు ముందు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కాని ఆ పాఠంలో ఉదాహరణలన్నీ అమెరికాలోని ఇంగ్లీషువి. సిద్దిపేట బాబు దగ్గర అది నాకు గుర్తు రాలేదు.

ఈ చదువులో ఉన్న పెద్ద కొరత ఇదేనని నా అభిప్రాయం. తెలుగులో తయారైన, తెలుగుకు మార్చిన పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటిని మేము వాడాం. కాని పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఆ పుస్తకాల్లోని పిల్లలు ఇంగ్లీషే మాట్లాడతారు. శ, ష, స మధ్య తేడా లేకుండా మాట్లాడే పెద్దలు మన ఊళ్ళలో ఎంతోమంది. ఖ, ఘ వంటి ఒత్తక్షరాలను బడికి వెళ్ళాక గాని నేర్చుకోనివారు ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు ఏ ధ్వని లేకపోతే లోపం, ఏది లేకపోతే అది ఆ ఇంటి మాట అన్న నిర్ణయానికి మన భాష మన చెవికి వినబడాలి.

పక్షవాతం తరువాత మాట పోయిన ఒక లెక్కల మాస్టారి దగ్గర ఇది మరో విధంగా తెలిసింది. మెదడు ముందు భాగం దెబ్బతింటే మాట పోతుందని పారిస్‌లో పాల్ బ్రోకా 1861లో చూపించాడు. "టాన్" అన్న ఒక్క మాటే మిగిలిన ఆయన రోగి గురించి మేమందరం చదివాం. మాస్టారికి మిగిలింది "అదే… అదే". భార్య పేరు అడిగితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి, పేరు వచ్చేది కాదు. కాని ఆదివారం అని నేను అందిస్తే సోమ, మంగళ అని శనివారం దాకా ఆగకుండా చెప్పేవారు, ఎక్కాలు కూడా పాట పాడినట్టు చెప్పేవారు. అలవాటుగా వరుసలో వచ్చే మాటలు వేరు, ఆలోచించి ఎంచుకొని పలికే మాటలు వేరు. ఇది తెలియని కుటుంబం "అన్నీ వచ్చు గాని మాతోనే మాట్లాడరు" అని బాధపడుతుంది. ఇలాంటివారు ఇంగ్లీషులో చిన్న చిన్న వ్యాకరణ పదాలను వదిలేస్తారని పుస్తకం చెబుతుంది. మన భాషలో ఆ చిన్న పదాలు విడిగా ఉండవు, ప్రత్యయాలై మాటకు అంటుకొని ఉంటాయి. మాస్టారు "నీళ్ళు… నేను… తాగు" అనేవారు. "తాగుతాను" అన్నది ఒక్క మాటే గాని, దాని చివర ఎవరు, ఎప్పుడు అన్న రెండు సంగతులూ ఉన్నాయి, ఆయన చేతికి అందనివి అవే. ఆయన భార్యకు నేను చెప్పగలిగింది ఒక్కటే. "నీళ్ళు కావాలా, మజ్జిగ కావాలా?" అని రెండు గ్లాసులూ చూపించి అడగండి, జవాబు కోసం మనసులో పది దాకా లెక్కపెట్టి ఆగండి, ఆయన ఎదుట ఆయన గురించి వేరేవాళ్ళతో మాట్లాడకండి అని. నెల తరువాత ఆమె వచ్చి, ఆయన "మజ్జిగ" అన్నారని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు మాస్టారు ఎడమ చేత్తో ఆమె భుజం తట్టారు.

నాలుగో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఆసుపత్రి, ప్రత్యేక పాఠశాల, క్యాంపులు వంతులవారీగా వచ్చాయి. మేము మూడో సంవత్సరంలో ఉండగానే, 2016 డిసెంబరులో వికలాంగుల హక్కుల కొత్త చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ నుంచి అమలైంది. 1995 నాటి చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి, మాట, భాషకు సంబంధించిన వైకల్యం మొదటిసారి విడిగా చేరింది. మాస్టారి వంటివారికి అది అవసరమైన మార్పు. అయితే చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి మందగించినవారు, 70 దాటితేనే బధిరులు. మా కండక్టరుగారి వంటి ఒంటి చెవివారికి ఇందులో చోటు లేదు. క్యాంపుల్లో ఆ గీతకు కొంచెం ఇవతల ఉన్నవారికి సర్టిఫికెట్ రాదని చెప్పవలసి వచ్చినప్పుడు, డెసిబెల్ అంటే ఏమిటో తెలియని మనిషికి 55కూ 60కీ తేడా వివరించడం ఎంత కష్టమో నేను చూశాను.

ఒక మండల కేంద్రంలో జరిగిన క్యాంపుకు, అంతకు ముందు ఏడాది ప్రభుత్వ పథకం కింద వినికిడి యంత్రం అందుకున్న ముసలమ్మ ఒకావిడ వచ్చింది. యంత్రం పని చేయడం లేదంది. చీర కొంగు ముడి విప్పి, పసుపు గుడ్డలో చుట్టిన యంత్రాన్నీ, ఆరు బ్యాటరీలనూ తీసి బల్ల మీద వరుసగా పెట్టింది. ఆ బ్యాటరీలకు గాలి తగలకుండా పైన చిన్న స్టిక్కరు ఉంటుంది. అది తీయగానే గాలి లోపలికి వెళ్ళి బ్యాటరీ పని మొదలుపెడుతుంది, ఆ తరువాత వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది. మనవడు సిద్ధంగా ఉంచుదామని ఆరింటికీ ఒకేసారి స్టిక్కర్లు తీసేశాడు. యంత్రం ఇచ్చిన రోజున ఆ ఒక్క వాక్యం ఆమెకు ఎవరూ చెప్పలేదు, లేదా ఆమెకు వినబడేలా చెప్పలేదు. నేను కొత్త బ్యాటరీ వేసి యంత్రాన్ని చెవికి పెట్టగానే ఆమె తల తిప్పి, పక్కన కూర్చున్న మనవడితో "నెమ్మదిగా మాట్లాడరా, ఎందుకంత అరుపు" అంది.

ఇంటర్న్‌షిప్ చివరి నెలల్లో, కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో శస్త్రచికిత్సతో అమర్చే వినికిడి పరికరం, చేయించుకున్న మూడేళ్ళ పాపకు థెరపీ చేశాను. ప్రతి రోజూ మొదట ఆరు ధ్వనులు పరీక్షించాలి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. మాట మొత్తంలో తక్కువ స్థాయి నుంచి ఎక్కువ స్థాయి దాకా ఉన్న ధ్వనులకు ఇవి ఆరు గుర్తులు. పెదవులు కనబడకుండా కాగితం అడ్డు పెట్టుకొని పలుకుతాను, వినబడితే పాప ఒక రింగును కర్రకు తొడగాలి. ఐదు ధ్వనులకు రింగులు పడేవి. స్ అన్నప్పుడు మాత్రం పాప నా కళ్ళలోకి చూస్తూ రింగు పట్టుకొని ఉండిపోయేది. మ్యాపింగ్, అంటే పాపకు తగినట్టు ఆ పరికరాన్ని అమర్చే లెక్క, సరిచేశాక, ఒక బుధవారం, స్ అన్నాను. పాప కొంచెంసేపు ఆగి, రింగు తొడిగి, తన పెదవుల దగ్గర వేలు పెట్టుకొని అదే ధ్వనిని నాకు తిరిగి ఇచ్చింది. పాప తల్లి గదిలోనే ఉంది. ఆమె ఏమీ అనలేదు, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

2018లో ఇంటర్న్‌షిప్ ముగిసే రోజున, మా దగ్గరున్న ఫైళ్ళను జూనియర్లకు అప్పగించాలి. నా వాటిలో జనగామ వైపు నుంచి వచ్చే ఒక బాబు ఫైలు ఉంది. ధ్వనుల్లో లోపం, భాష వయసుకు తగినట్టే. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె దాన్ని తీసుకుంటోంది. వాళ్ళది గుంటూరు. ఫైలు పైన ఎర్ర సిరాతో, అందరికీ కనబడేలా ఇలా రాసి ఇచ్చాను: "ఈ బాబు ‘నేను తిన్న’, ‘ఇంట్ల ఉన్న’ అంటాడు. అవి తప్పులు కావు. ముందు వాళ్ళ అమ్మతో పావుగంట మాట్లాడు, తరువాత రాసుకో."